క్రీ.పూ. 186: రోమన్ సెనేట్ భయపడింది బాకస్ దేవుడికా, ఆయన భక్తుల సంఘానికా?

కంచురేకు (చర్చ ప్రారంభం):

క్రీ.పూ. 186లో రోమన్ సెనేట్ ఇటలీ అంతటా ద్రాక్షసారా దేవుడైన బాకస్ ఆరాధక బృందాల మీద విచారణ జరిపించింది. ఆ బృందాల కూటములనూ, అవి జరిగే చోట్లనూ లాటిన్‌లో బకనాలియా అంటారు. సెనేట్ ఈ పని తన మతాన్ని కాపాడుకోవడానికి చేసిందా, ఇటలీ మీద తన పెత్తనాన్ని పెంచుకోవడానికి చేసిందా అన్న ప్రశ్న చరిత్రకారుల మధ్య చాలాకాలంగా నలుగుతోంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. సెనేట్‌కు ఆ దేవుడితో పేచీ లేదు, ఆయన పేరు మీద ఏర్పడిన సంఘంతోనే పేచీ.

మనకు ప్రధానమైన ఆధారాలు రెండు. మొదటిది లివీ రాసిన రోము చరిత్రలోని 39వ సంపుటం. అది సంఘటన జరిగిన రమారమి రెండు శతాబ్దాల తరువాత, తొలి చక్రవర్తి అగస్టస్ కాలంలో రాసినది. రెండవది, 1640లో దక్షిణ ఇటలీ కలాబ్రియాలోని తిరియోలోలో దొరికి, ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉన్న కంచు రేకు. దాని మీది పాఠం ఆ సంవత్సరపు నిర్ణయానిదే. చాలామంది లివీ కథతో మొదలుపెట్టి, రేకును చివర సాక్ష్యంగా తగిలిస్తారు. నేను ముందు రేకును చదవమంటాను, ఎందుకంటే కథ ఒకసారి మనసులోకి వెళ్లాక శాసనంలో కూడా కథే కనిపిస్తుంది.

రేకు ఏం చెబుతోంది? అక్టోబరు 7న కాన్సుళ్లు, అంటే ఆ ఏటి ఇద్దరు ప్రధాన పాలకులు, క్వింటస్ మార్సియస్, స్పూరియస్ పోస్టుమియస్ బెల్లోనా దేవాలయంలో సెనేట్‌ను సంప్రదించారు. ఎవరూ బాకస్ పూజాస్థలాన్ని కలిగి ఉండరాదు. తమకు అది తప్పనిసరి అని ఎవరైనా అంటే, వారు రోముకు వచ్చి నగర ప్రీటర్‌కు, అంటే న్యాయ వ్యవహారాలు చూసే ఉన్నతాధికారికి, విన్నవించుకోవాలి, వంద మందికి తగ్గకుండా సెనేటర్లు హాజరై ఉన్నప్పుడు సభ దానిపై నిర్ణయిస్తుంది. పురుషుడెవరూ పూజారిగా ఉండరాదు. స్త్రీ గానీ పురుషుడు గానీ సంఘాధిపతి కారాదు. ఉమ్మడి నిధి ఉండరాదు. ఎవరినీ అధికారిగానో, అధికారికి బదులుగానో నియమించరాదు. ఒకరితో ఒకరు ప్రమాణాలు, మొక్కులు, హామీలు, ఒడంబడికలు చేసుకోరాదు. రహస్యంగా క్రతువు చేయరాదు. అనుమతి లేకుండా ఒకచోట అయిదుగురికి మించి, అంటే ఇద్దరు పురుషులకూ ముగ్గురు స్త్రీలకూ మించి, క్రతువుకు చేరరాదు. దీనిని ఉల్లంఘిస్తే మరణశిక్షకు తగిన నేరం.

ఈ జాబితాలో బాకస్‌ను పూజించరాదన్న మాట ఎక్కడుందో చూపించండి. లేదు. పదవి, ఖజానా, ప్రమాణం, సభ అనే నాలుగూ ఒక పట్టణానికి ఉండే అంగాలు. ఆ నాలుగింటినీ కోసేసి, చిన్న కుటుంబమంత భక్తిని మాత్రం మిగిల్చారు. పైగా శాసనం ఉద్దేశించింది "ఫోయిదెరాతేయి" అనేవారిని, అంటే ఒప్పందంతో రోముకు మిత్రులైన నగరాలవారిని. సొంత చట్టాలున్న మిత్ర నగరాల ప్రజలు తమ ఊరి పూజకు రోముకు వెళ్లి అనుమతి అడగవలసి రావడం కంటే స్పష్టమైన రాజకీయం ఏముంటుంది?

వేకువ చదువరి:

కంచురేకు గారూ, మీరు రేకును జాగ్రత్తగా చదివారు, కానీ మీ వాదం బరువంతా ఒక్క పదం మీద వేశారు. "ఫోయిదెరాతేయి" అంటే మిత్ర నగరాలవారే అన్నది అందరూ ఒప్పుకున్న అర్థం కాదు. ఆరాధనలో తమలో తాము ఒడంబడిక చేసుకున్నవారు, అంటే ఆ బృంద సభ్యులే, అని చదివే పండితులు ఉన్నారు. రేకు చివర కనిపించే "తెయురానస్ క్షేత్రం" అనే ప్రాంతం కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో యుద్ధం తరువాత రోము స్వాధీనం చేసుకున్న నేల అయి ఉండవచ్చునన్న వాదన కూడా ఉంది. అదే నిజమైతే అక్కడ మిత్రుల స్వాతంత్ర్యం అన్న ప్రశ్నే పుట్టదు.

రెండవ మాట. క్రీ.పూ. రెండవ శతాబ్దంలోనే రోమును దగ్గరగా చూసిన గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ తన ఆరవ సంపుటంలో, ఇటలీలో ఎక్కడైనా రాజద్రోహం, కుట్ర, విషప్రయోగం, హత్య వంటివి జరిగి బహిరంగ విచారణ అవసరమైతే అది సెనేట్ బాధ్యతే అని రాశాడు. కనుక 186లో సెనేట్ కొత్త అధికారాన్ని లాక్కుందనడానికి ఆధారం బలహీనం.

ఇక మతం సంగతి. రోము వారి దైవభయాన్ని మనం రాజకీయానికి తొడిగిన ముసుగుగా చూడటం మన కాలపు అలవాటు. క్రీ.పూ. 216లో కానే యుద్ధంలో ఓడిపోయాక వారు చేసిన పని గుర్తు చేసుకోండి: పవిత్రాగ్నిని కాపాడే వెస్టల్ కన్యలలో ఇద్దరిని వ్రతభంగ దోషులుగా తేల్చారు, ఇద్దరు గాల్ జాతివారిని, ఇద్దరు గ్రీకులను పశువుల సంతలో సజీవంగా పూడ్చిపెట్టారు. ఇది ఎవరి పెత్తనం పెంచడానికి జరిగింది? 213లో కొత్త పూజలు నగరంలో ఎక్కువయ్యాయని, జోస్యాల పుస్తకాలు, ప్రార్థనల రాతలు ఉన్నవారు ఏప్రిల్ 1 లోపు అప్పగించాలని ప్రీటర్ ఆజ్ఞ ఇచ్చాడు. 186 నాటి పని ఆ వరుసలోనిదే. దేవతలతో నగరానికున్న పొత్తు చెడితే సైన్యం ఓడుతుందని వారు నిజంగానే నమ్మారు.

తూకంరాయి:

ఇద్దరి వాదాలూ చదివాను. నేను లివీ గురించి ఒక హెచ్చరిక మాత్రమే చేయదలచుకున్నాను. ఆయన ఇందులో ఏడు వేలమందికి పైగా స్త్రీపురుషులు చిక్కుకున్నారని, చెరసాలలో పడినవారి కంటే మరణశిక్ష పొందినవారే ఎక్కువని చెబుతాడు. అదే సంపుటంలో, కొన్ని పుటల తరువాత, 185లో అపూలియాలో పశుల కాపరుల తిరుగుబాటును విచారించిన ప్రీటర్ లూసియస్ పోస్టుమియస్ దాదాపు ఏడు వేలమందిని దోషులుగా తేల్చాడని కూడా రాస్తాడు. రెండు వరుస సంవత్సరాలలో రెండు విచారణలు, రెండింటిలోనూ పోస్టుమియస్ అనే పేరుగల అధికారి (మనుషులు వేరు), రెండింటిలోనూ ఏడు వేలు. అసాధ్యమని అనను. కానీ అంకెను అంకెగా వాడేముందు ఒకసారి తూచి చూసుకోవడం మంచిది.

ఇంకొకటి. బాకస్ ఆరాధన రోముకు అప్పుడే తెలిసిన కొత్త వింత అన్నట్లు లివీ కథ నడుస్తుంది: రోముకు ఉత్తరాన ఉన్న ఎట్రూరియాకు వచ్చిన ఒక అనామక గ్రీకు పూజారి, అక్కడి నుంచి అంటువ్యాధిలా వ్యాప్తి, ఒక్క సాక్షి నోట బయటపడిన రహస్యం. అయితే బాకస్‌తో సమానంగా భావించిన లీబెర్ దేవుడికి అవెంటైన్ కొండ దగ్గర కేరేస్, లీబెరా అనే దేవతలతో కలిపి దేవాలయం 493 నుంచీ ఉందని సంప్రదాయం. మార్చి 17న ఆయనకు పండుగ ఉండేది. 184లో చనిపోయిన హాస్య నాటకకర్త ప్లౌటస్ బాకస్ భక్తురాళ్ల ఉన్మాదం మీద రంగస్థలంపై హాస్యాలు విసిరాడు. ప్రేక్షకులకు తెలియని విషయం మీద హాస్యం పండదు కదా. ఊరందరికీ తెలిసినదాన్ని సెనేట్ ఒక ఉదయం "కనుగొన్నది" అంటే, నాకు ఆ కనుగొనడంలోనే అనుమానం.

ఆవలిగట్టు:

ఇంతసేపు మాట్లాడినా స్త్రీల ఊసు రాలేదు. లివీ కథను పక్కన పెట్టమంటే పెడతాను, కానీ రేకులో కూడా స్త్రీ, పురుషుడు అన్న భేదమే అడుగడుగునా కనిపిస్తుంది. పురుషుడు పూజారి కారాదు అన్నారు, స్త్రీ పూజారిణి కారాదని అనలేదు. రోము పౌరుడు గానీ, లాటిన్ హక్కులవాడు (రోము పౌరుడి హక్కుల్లో కొన్ని మాత్రమే ఉన్నవాడు) గానీ, మిత్రుడు గానీ అనుమతి లేకుండా బాకస్ స్త్రీల మధ్యకు వెళ్లరాదన్నారు. కంచురేకు గారు చెప్పినట్లు భయం కేవలం సంఘం గురించే అయితే, స్త్రీలు నడిపే సంఘాన్ని కూడా అంతే గట్టిగా మూసేయాలి కదా?

లివీ కథలో ఈ విషయం ఇంకా స్పష్టం. కంపానియాకు చెందిన పాకుల్లా అన్నియా అనే పూజారిణి వచ్చేవరకు అది స్త్రీల పూజ, సంవత్సరానికి మూడు రోజులు, పగటిపూట జరిగేది. ఆమె తన కొడుకులతో మొదలుపెట్టి పురుషులకు దీక్ష ఇచ్చింది, క్రతువును రాత్రికి మార్చింది, నెలకు అయిదు రోజులు చేసింది. గత రెండేళ్లుగా ఇరవై ఏళ్లు దాటినవారికి దీక్ష ఇవ్వడం లేదని సాక్షి చెప్పింది. కాన్సుల్ తన ప్రసంగంలో అడిగే ప్రశ్న కూడా ఇదే: ఇలాంటి ప్రమాణంతో దీక్ష తీసుకున్న యువకులను సైనికులుగా చేర్చుకుందామా? అక్కడ లివీ వాడిన పదం "సాక్రమెంటుమ్", సైనికుడు సేనాపతి ముందు చేసే ప్రమాణానికి ఉన్న పేరు. ఒక్క యువకుడికి రెండు ప్రమాణాలు ఉండకూడదన్నదే అసలు భయం అని నాకనిపిస్తుంది. స్త్రీ సైన్యంలో చేరదు కనుక ఆమె పూజారిణిగా ఉన్నా సెనేట్‌కు నిద్ర పట్టింది.

శిక్షలో కూడా ఇదే తీరు. దోషులైన స్త్రీలను వారి బంధువులకో, వారిపై చట్టబద్ధ అధికారం ఉన్నవారికో అప్పగించి, శిక్ష ఇంట్లోనే అమలు చేయమన్నారు. తగిన వారు లేనప్పుడే బహిరంగంగా అమలు చేశారు. రాజ్యం తన కత్తిని తండ్రికీ భర్తకూ అరువిచ్చిందన్నమాట. ఇది మతమా, రాజకీయమా అని అడిగితే, మూడో సమాధానం కూడా ఉందంటాను: కుటుంబం.

కంచురేకు:

ఆవలిగట్టు గారూ, మీ ప్రశ్న నా వాదంలోని లోటును చూపింది, కానీ మీరే దానికి జవాబు కూడా ఇచ్చారు. స్త్రీల సంఘం సెనేట్‌కు ప్రమాదంగా తోచలేదు, ఎందుకంటే దానికి ఆయుధం లేదు, ఓటు లేదు. అయినా "స్త్రీ గానీ పురుషుడు గానీ సంఘాధిపతి కారాదు" అన్న వాక్యాన్ని మరిచిపోవద్దు. పూజ చేయించే పదవి స్త్రీకి ఉండవచ్చు, సంఘాన్ని నడిపే పదవి ఎవరికీ ఉండరాదు. క్రతువు వేరు, యాజమాన్యం వేరు అన్న ఈ గీత గీసింది మనం కాదు, సెనేటే.

చదువరి గారు చెప్పిన పొలీబియస్ మాట నిజమే. కానీ ఆయన చెప్పినది నేరాల విచారణ గురించి. రేకులో ఉన్నది నేరవిచారణ కాదు, రాబోయే కాలమంతటికీ వర్తించే నియమావళి. మూడు సంత రోజులకు తగ్గకుండా ప్రజలకు చదివి వినిపించి, కంచు మీద చెక్కించి, అందరికీ సులభంగా కనిపించేచోట బిగించమన్నారు. ఒక హత్యను విచారించడానికి కంచు రేకు అక్కరలేదు.

సైబెలే అనే దేవత ఉదాహరణ కూడా చూడండి. 204లో సెనేట్ స్వయంగా ఆసియా మైనర్ నుంచి ఆ మహామాతను తెప్పించింది. 191లో పాలటైన్ కొండ మీద ఆమెకు దేవాలయం ప్రతిష్ఠించింది. తప్పెట్లు, వేణువులు, తమను తాము నపుంసకులుగా చేసుకునే పూజారులు, అన్నీ బాకస్ పూజ కంటే రోము కంటికి వింతే. అయినా నిషేధం లేదు. కానీ స్థానిక రోము పౌరుడెవరూ ఆ ఊరేగింపులో పూజారిగా నడవడని గ్రీకు చరిత్రకారుడు హలికార్నస్సస్ దియొనీసియస్ తరువాతి కాలంలో గమనించాడు. విదేశీ దేవతకు సింహాసనం వేశారు, పౌరుడు ఆమె కొలువులో చేరకుండా మాత్రం గడి వేశారు. పరాయి దేవతంటేనే భయమైతే ఈ తేడా ఎందుకు వస్తుంది?

తూకంరాయి:

చిన్న చేర్పు. ఈ సంఘభయం రోములో చాలాకాలం బతికింది. దాదాపు మూడు వందల ఏళ్ల తరువాత ఆసియా మైనర్‌లోని బితీనియా గవర్నర్ ప్లీనీ, అక్కడి నికోమీడియా నగరంలో అగ్నిప్రమాదం జరిగాక, 150 మందితో మంటలార్పే దళం పెట్టుకోవచ్చా అని ట్రేజన్ చక్రవర్తిని అడిగాడు. చక్రవర్తి ఒప్పుకోలేదు, ఏ పేరు పెట్టినా అలాంటి బృందాలు త్వరలోనే రాజకీయ సంఘాలవుతాయి అన్నాడు. మంటలార్పేవారి విషయంలో మతం లేదు కదా. అదే ప్లీనీ క్రైస్తవుల గురించి రాసినప్పుడు, వారు ప్రమాణంతో ఒకటవుతారని, కానీ ఆ ప్రమాణం నేరం చేయబోమనే ప్రమాణమని విచారణలో తేలిందని రాశాడు. అక్కడ కూడా వాడిన పదం "సాక్రమెంటుమ్"నే.

వేకువ చదువరి:

తూకంరాయి గారూ, ట్రేజన్ కాలపు చక్రవర్తి పాలనను 186 నాటి సెనేట్ పాలన మీదకు వెనక్కి లాగడం ప్రమాదం. రెండింటి భయాలూ ఒక్కటే అనుకోవడానికి వీల్లేదు. సైబెలే గురించి కంచురేకు గారు చెప్పినదాన్ని మాత్రం నేను మరో వైపు నుంచి చూస్తాను. ఆమెను తెప్పించింది రోము రాజ్యం భద్రపరచుకున్న జోస్యాల పుస్తకాలైన సిబిల్ గ్రంథాలు సూచించినందుకు, అదీ హన్నిబాల్ ఇంకా ఇటలీ నేల మీద ఉన్నప్పుడు. దేవతను తెచ్చుకోవడం వెనక నిజమైన దైవభయం ఉంటే, దేవుడి కూటములను మూయడం వెనక అది ఉండదని ఎలా చెప్పగలం?

అసలు నేను మీ అందరి ముందు పెట్టదలచినది రేకులోని ఒక చిన్న నిబంధన. కంచురేకు గారు తమ జాబితాలో దాన్ని వదిలేశారు, కావాలని అనను. బాకస్ పూజాస్థలాలను రేకు అందిన పది రోజులలోగా తొలగించాలి అన్నారు, కానీ "అక్కడ పవిత్రమైనది ఏదైనా ఉంటే తప్ప" అని మినహాయింపు పెట్టారు. మరణశిక్ష విధించే చట్టం రాస్తున్న సభ, తాను కుట్ర అంటున్న స్థలంలో కూడా పవిత్రమైనది ఉండవచ్చునని ఒప్పుకుని దానిని ముట్టుకోవద్దంటోంది. కాన్సుల్ నోట లివీ పెట్టిన ప్రసంగంలో కూడా ఇదే బెదురు ఉంది. నేరానికి దేవుడి పేరును అడ్డం పెట్టుకున్నప్పుడు, మనుషుల తప్పును శిక్షించబోయి అందులో కలిసి ఉన్న దైవసంబంధమైన దేన్నైనా మైలపరుస్తామేమోనన్న శంక కలుగుతుందని కాన్సుల్ అంటాడు. ఆ శంక నుంచి విడిపించడానికే పాంటిఫ్‌ల (ప్రధాన పూజారుల) ఆజ్ఞలు, సెనేట్ నిర్ణయాలు, హరుస్పెక్స్‌ల (బలిపశువుల పేగులు చూసి శకునం చెప్పేవారి) జవాబులు ఉన్నాయని ప్రజలకు ధైర్యం చెబుతాడు. ప్రసంగం లివీ కల్పన కావచ్చు. మినహాయింపు కల్పన కాదు, అది కంచులో ఉంది.

కంచురేకు:

చదువరి గారూ, ఆ నిబంధనను నేను వదిలేయడం తప్పే. అది నా వాదానికి అడ్డమని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది. మొదటి టపాలో సెనేట్‌కు దేవుడితో పేచీ లేదన్నాను. దానికి ఇప్పుడు ఒక సవరణ చేసుకుంటాను: పేచీ లేదు కానీ భయం ఉంది, భయం ఉన్నందుకే పేచీని ఆయన బలిపీఠం దాకా రానివ్వలేదు. సంఘాన్ని కూల్చే చెయ్యి పీఠం దగ్గర ఆగిందంటే, అది కేవలం పరిపాలన చెయ్యి కాదని ఒప్పుకోక తప్పదు.

కానీ ఒక తేడాను కూడా గమనించండి. లివీ ఇదే నిబంధనను తన మాటల్లో చెప్పేటప్పుడు "పురాతనమైన బలిపీఠం గానీ, ప్రతిష్ఠించిన విగ్రహం గానీ ఉంటే తప్ప" అంటాడు. రేకులో "పురాతనం" అన్న మాట లేదు. పవిత్రమైనది అంటే చాలు. లివీ నాటికి పాతదే పవిత్రం అన్న భావన గట్టిపడి ఉండవచ్చు, అగస్టస్ పాత ఆలయాలను పునరుద్ధరించిన కాలం అది. 186 నాటి పాఠం అంతకంటే ఉదారం. నిన్న ప్రతిష్ఠించిన పీఠానికి కూడా అందులో చోటుంది.

ఆవలిగట్టు:

ఉదారమో, తొందరలో రాసిన వాక్యమో నాకు తేలడం లేదు. తెయురానస్ క్షేత్రంలో రేకు అందుకున్న పెద్దమనుషులకు ఉన్నది పది రోజులే. ఏది పవిత్రం, ఏది కాదు అని తేల్చవలసినది ఎవరో రేకు చెప్పదు. బాకస్ స్థలంలో బలిపీఠానికి దీపం పెడుతున్న పూజారిణినే అడగాలా? ఆమె అన్నీ పవిత్రమే అంటుంది. ఊరి అధికారిని అడగాలా? సెనేట్ కోపం ఎవరి మీద ఉందో అతనికి తెలుసు కనుక ఏదీ కాదంటాడు. పురుషుడు పూజారిగా ఉండకూడదని సెనేట్ ముందే చెప్పేసింది కాబట్టి, ఆ పది రోజులలో దైవం తరఫున మాట్లాడే హక్కు అక్కడ మిగిలి ఉంటే, అది ఒక స్త్రీకే మిగిలి ఉండాలి. ఆ మాట ఎవరైనా విన్నారా లేదా అన్నదే నాకు తెలుసుకోవాలని ఉంది.